రెండో రేసుకు ముందు నేను పెట్టిన సంతకాలు

అది ఆదివారం. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఊరవతల, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ లారీల మైదానంలో, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని పన్నెండు కాగితాల మీద పన్నెండు సంతకాలు పెట్టాను. ఎనిమిదేళ్లయింది. ఆ గంట ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తుందని మీరు అడగొచ్చు. సంతకం కింద టైము కూడా వేయాలన్నారు. పన్నెండు సార్లు నా చేత్తోనే వేశాను. పన్నెండు సార్లు రాసింది మనిషి మరిచిపోడు.

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే మా కార్ల క్లబ్బు వాళ్లు ఫోన్‌కు ఒక పత్రం పంపారు. వచ్చే రేసుల కార్యక్రమం. నేను మెల్లగా చదివే మనిషిని, వరస కింద వేలు పెట్టి జరుపుకుంటూ పోతాను. ఫోన్‌లో వేలు పెడితే పేజీ పైకి ఎగిరిపోతుంది, మళ్లీ పట్టుకొచ్చుకోవాలి. అట్లా కుస్తీ పట్టి చదివాను. ఒకటే రోజు. పొద్దున ప్రాక్టీసు, తర్వాత టైమింగ్, తర్వాత మూడు రేసులు. రేసుకూ రేసుకూ మధ్య పదిహేను నిమిషాలు. అన్నిటికన్నా కింద, బండ్ల తనిఖీ చూసుకునే పెద్దమనిషి అని రాసి, నా పేరు. నన్ను అడగలేదు. గౌరవం అనుకొని పెట్టి ఉంటారు. చాయ్ సగంలో వదిలేసి లేచాను.

పాతబస్తీ వాళ్లకు కార్ల రేసులేంది అని నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వనీ. డబ్బున్నవాళ్ల రేసులు వేరే, వాళ్ల ట్రాకులు వేరే. మావి గాజుల దుకాణాల వెనక గల్లీలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన చోట, వర్క్‌షాపుల్లో తయారైన బండ్లు. తుక్కుకు పోవాల్సిన చిన్న కారును తెచ్చి, సీట్లు పీకి, అద్దాలు తీసి, బోల్తా పడితే తల నలగకుండా లోపల ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి, తలుపు మీద నంబరు రాస్తే అదే మా రేసు కారు. మొదలుపెట్టింది మా ఉస్తాద్. డెంటింగ్‌లో ఆయన చెయ్యి పడితే నలిగిన తలుపు ఎప్పుడూ నలగనట్టే ఉండేది. నాకు పని నేర్పినవాడు. నేను ముప్పై ఏళ్లు ఆయన దగ్గర పనిచేశాను, ఆయన నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. అదొక్కటి చాలు ఆయన ఎట్లాంటివాడో చెప్పడానికి.

మా గల్లీకి సెలవు శుక్రవారం. అందుకని రేసులు కూడా శుక్రవారమే. అందరూ శనివారం ఆదివారం ఆడుకుంటే మేము జుమ్మా నాడు ఆడుకునేవాళ్లం. కార్యక్రమం అంతా ఉస్తాద్ నోట్లోనే, కాగితం లేదు. పొద్దున ప్రాక్టీసు. తర్వాత ఒక్కొక్క బండి ఒంటరిగా మూడు చుట్లు తిరిగి టైము తెచ్చుకునేది, ఎవరి టైము తక్కువైతే వాళ్లు ముందు వరసలో నిలబడాలి. పదకొండున్నరకు ఇంజన్లన్నీ బంద్. నమాజుకు పోయేవాళ్లు పక్క ఊరి మసీదుకు పోయేవాళ్లు. మిగిలినవాళ్లు బగారా అన్నం డేగిశా చుట్టూ తిరిగేవాళ్లు. రెండున్నరకు రేసు. ఒక్కటే రేసు, పది చుట్లు. గెలిచినవాడికి కప్పు, ఓడినవాడికి డేగిశా కడిగే పని.

ఆ మూడు గంటలు నావి. బండ్లు చల్లబడుతూ టిక్కు టిక్కుమని చప్పుడు చేసేవి. గోనెసంచి పరుచుకొని ఒక్కొక్క దాని కిందికి దూరేవాణ్ణి. వేడి ఇనుము, గ్రీసు, కాలిన రబ్బరు, ముఖం మీద రాలే మట్టి. మా బామ్మర్ది బండి కిందికి పోతే మాత్రం పాల వాసన వచ్చేది. నా భార్య తమ్ముడతను. గుడిమల్కాపూర్ వైపు వాళ్ల బర్రెల షెడ్డు. పొద్దున పాలు పోసి, అదే అంగీ మీద రేసుకు వచ్చేవాడు. ఖాళీ క్యాన్లు కూడా ఒక్కోసారి ఆ బండిలోనే ఉండేవి. "బావా, కింద పేడ ఉంటే తుడువు, జాకీ పెట్టనీకె జారుతది" అని పైనుంచి అరిచేవాడు.

నాకప్పుడు అక్షరాలు రావు. చూసిన బండి ఏదో చూడనిది ఏదో గుర్తుండాలి కదా. చిన్న సీసాలో పసుపు రంగు, ఒక కుంచె పెట్టుకున్నాను. చక్రం నట్టు బిగించాక నట్టు మీద నుంచి రిమ్ము మీదికి ఒక గీత. బ్రేకు పైపు తడిమి చూసి, అది కలిసే చోట ఒక గీత. స్టీరింగ్ రాడ్డు దగ్గర ఒక గీత. తర్వాత నట్టు ఒదులైతే గీత రెండు ముక్కలై కనబడుతుంది. ఉస్తాద్ నమాజు నుంచి రాగానే బండ్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, వంగి పసుపు చూసేవాడు. అన్ని చోట్లా ఉంటే సీటీ ఊదేవాడు. ఆ గీతతో అబద్ధం ఆడటానికి రాదు. గీత పడాలంటే చెయ్యి అక్కడిదాకా పోవాలి.

యాభై నాలుగో ఏట నాకు చదువు చెప్పింది నా భార్య. ఆమె ఏడో తరగతి. మధ్యాహ్నం తిన్నాక పాత క్యాలెండరు వెనక వైపు రాయించేది. పదహారు పళ్ల గేరైనా ఇప్పి బిగించగలను గానీ 'క్ష' నాకు ఆరు వారాలు పట్టింది. "ఎద్దుకు చెప్పినా వచ్చేది ఈపాటికి" అని తల మీద పెన్సిలుతో కొట్టేది. సొంతంగా పేరు రాయడం వచ్చిన రోజు నుంచి నేను ఆగలేదు. పానాల మీద రాశాను, టూల్ డబ్బా మీద రాశాను, చెప్పుల లోపల రాశాను. చివరికి ఆమె కోప్పడింది, నీ పేరు లేని చోటు యాడుంది, నేను యాడ నిలబడాలె అని.

అదే రోజుల్లో క్లబ్బులోకి కొత్తవాళ్లు వచ్చారు. కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, మంచివాళ్లే. వాళ్లలో ఒకతను సెక్రటరీ అయ్యాడు. శుక్రవారం వాళ్లకు సెలవు దొరకదు. మైదానం వాళ్లు కూడా ఆదివారం ఒక్కరోజే ఇస్తాం, అయిదింటికి గేటు మూస్తాం అన్నారు. సెక్రటరీ కొత్త కార్యక్రమం తయారుచేసి ఉస్తాద్ వర్క్‌షాపులో అందరికీ చదివి వినిపించాడు. ప్రాక్టీసు, టైమింగ్, మొదటి రేసు, రెండో రేసు. రెండో రేసుకు వరస తిరగేయాలి. మొదటిదాంట్లో గెలిచినవాడు అందరికన్నా వెనక నిలబడాలి, ఓడినవాడు ముందు. అప్పుడే చూసేవాళ్లకు మజా అన్నాడు.

ఉస్తాద్ అంతా విని అడిగాడు. "రెండు రేసుల నడిమిట్ల ఎంత టైం ఇస్తున్నవ్ బేటా?"

"ఇరవై నిమిషాలు ఉస్తాద్."

"పన్నెండు బండ్లకు? నా బిడ్డ పెండ్లిల ఫొటో దిగనీకె గింతకంటె ఎక్కువ పట్టింది."

అందరూ నవ్వారు. సెక్రటరీ కూడా నవ్వి, తనిఖీకి కాగితాలు ఉంటాయి, బ్రేకులు, చక్రాలు, స్టీరింగ్ అని ముందే అచ్చువేసి ఉంటుంది, పెద్దాయన సంతకం పెడితే సరిపోతుంది అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఇరవై నిమిషాల్లో అయ్యేది కాదని నాకు తెలుసు. ఆ గదిలో నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. కానీ సంతకం అన్న మాట వినగానే నాలో ఏదో ఉబ్బింది. "పెడత" అన్నాను. ఉస్తాద్ నన్ను చూసి, సుత్తె తీసుకొని తన పనికి తిరిగాడు.

ఆ ఆదివారం నా భార్య కూడా వచ్చింది. ఎప్పుడూ రాలేదు, తమ్ముడి రేసు ఒక్కసారి చూస్తానంది. పొద్దున అంతా బాగానే ఉంది, ప్రాక్టీసుకు ముందు బండ్లన్నీ చూశాను. మొదటి రేసులో ఒక బండి ఇంజన్ ఆయిలు రోడ్డంతా పోసింది. రేసు ఆపారు, ఇసుక తెచ్చి చల్లారు, ఊడ్చారు, ఆ బండిని బాగుచేసి ఆయిలు నింపి మళ్లీ మొదలుపెట్టారు. అక్కడే గంట పోయింది. బామ్మర్ది గెలిచాడు. ఆ వారమే వెడల్పు టైర్లు వేసుకున్నాడు. మలుపుల్లో బండి అతుక్కున్నట్టు పోతుందని మురిసిపోయాడు. వెడల్పు టైరు వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల దేనికైనా తగులుతుందా అని చూడాలి. ప్రాక్టీసుకు ముందు చూస్తే తెలియదు, బండి జోరు మీద తిరిగొచ్చాక చూడాలి. అదీ నాకు తెలుసు.

కావలి కాసే ముసలాయన బీగం పట్టుకొని షామియానా దగ్గరికి వచ్చి, అయిదు దాటితే నాకు మాట వస్తుంది సారూ అన్నాడు. సెక్రటరీ గడియారం చూసి ఇరవై నిమిషాలను ఎనిమిది చేశాడు. కాగితాలు నా ముందు బల్ల మీద పెట్టాడు. "పెద్దాయనా, పొద్దున చూసినవే కదా, ఫికర్ లేదు" అన్నాడు. నా జేబులో పసుపు సీసా ఉంది. నేను లేవడానికి కుర్చీ చేతి మీద చెయ్యి వేశాను. అప్పుడే నా భార్య వెనక నుంచి భుజం మీదుగా వంగి కాగితం చూసి, "వంకర పోకుంట పెట్టు, అందరు చూస్తున్నరు" అంది. ఆమె గొంతులో ఉన్న గర్వం నేను అంతకు ముందు వినలేదు. నేను చేసే పని అదే అనుకుంది. కూర్చునే ఉండి కలం తీసుకున్నాను.

గెలిచినవాడు వెనక నిలబడాలి కాబట్టి బామ్మర్ది బండి వరసలో చివర, మా బల్లకు పది అడుగుల దూరంలో ఉంది. మిగతా పదకొండు మంది దాని ముందు, మాకు వీపు పెట్టి. హెల్మెట్‌తోనే తల కిటికీలోంచి బయటికి పెట్టి అరిచాడు. "బావా! రిజిస్ట్రార్ ఆఫీసుల కూసున్నట్టున్నవ్ పో!" జెండాలు ఏరుకుంటున్న జెండా ఆయన నవ్వాడు. నీళ్లు తాగుతున్న అంబులెన్సు డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. బామ్మర్ది కాగితం ఏడోది. దాని మీద సంతకం అన్నిటికన్నా బాగా కుదిరింది.

నాలుగు చుట్లలో ఏడు బండ్లను దాటాడు. అయిదో చుట్టులో, దూరపు మలుపు దగ్గర, అందరి బండ్లూ ముక్కు కిందికి వంచి నెమ్మదించే చోట ఆ బండి ముక్కు వంగలేదు. అదే జోరుతో పోయి టైర్ల గుట్టను, దాని వెనక గోడను కొట్టింది. చప్పుడు మాకు కొంచెం ఆలస్యంగా వినబడింది. నా భార్య, అప్పటిదాకా చప్పట్లు కొడుతున్న చేతులు అట్లాగే పట్టుకొని నిలబడింది.

అతన్ని బయటికి తీయడానికి గొట్టాలు కోయాల్సి వచ్చింది. అంబులెన్సు పోయాక నేను బండి దగ్గర ఆగాను. కుడి ముందు చక్రం లోపల చెయ్యి పెట్టాను. బ్రేకు పైపు టైరుకు రాసుకొని రాసుకొని ఒకవైపు అద్దంలా మెరుస్తోంది, అక్కడ చీలింది. ఆయిలు ఇంకా కారుతోంది. మొదటి రేసు తర్వాత ఒక్కసారి కిందికి పోయి వేలు పెట్టి ఉంటే తగిలేది. తల ఎత్తితే ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. పైపు వైపు చూడలేదు. నట్ల వైపు చూస్తున్నాడు. పొద్దుటి గీతలు ఆయిలు, ఇసుక పట్టి కనబడకుండా పోయాయి, కొత్తవి లేవు.

"పీలా కిధర్ హై రే?" అన్నాడు. పసుపు ఏదిరా అని.

నా చెయ్యి జేబులోని సీసా మీదికి పోయింది.

సాయంత్రం అదే బల్ల దగ్గర విచారణ అయింది. సెక్రటరీ ఏడో కాగితం ఎత్తి చూపించి, బండిలో లోపం లేదు, రెండో రేసుకు ముందు తనిఖీ అయింది, సంతకం ఉంది అన్నాడు. చివరి నుంచి బయలుదేరి ఏడు బండ్లను దాటినవాడు, ఎనిమిదో బండి కోసం ఆశపడి బ్రేకు ఆలస్యంగా తొక్కాడు అని రాశారు. నడిపేవాడి నిర్లక్ష్యం. ఇక మీదట ఈ క్లబ్బులో బండి నడపనివ్వరాదు. అందరికీ నమ్మేట్టుగానే ఉంది. కార్యక్రమమే అట్లా నమ్మేట్టు తయారుచేసి ఉంది. నేను నోరు విప్పితే పోయేది నా పేరు, విప్పకపోతే పోయేది ఆసుపత్రిలో పడుకున్నవాడి పేరు. ఉస్తాద్ నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను విప్పలేదు. ఆయన లేచి పోయాడు, మళ్లీ ఏ రేసుకూ రాలేదు. వర్క్‌షాపులో నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడకుండానే రెండేళ్లకు పోయాడు.

బామ్మర్దికి కుడికాలు మోకాలి కింద తీసేశారు. అయిదు నెలలు ఆగి, ఒక మధ్యాహ్నం వాళ్ల షెడ్డుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కర్ర చంకలో పెట్టుకొని దూడను కట్టేస్తున్నాడు. అంతా విని, చేతిలోని చెంబును నేలకేసి కొట్టాడు. బర్రెలు బెదిరాయి. కర్ర మీద వంగి చెంబును మళ్లీ ఏరుకున్నాడు.

"నేను తొక్కిన బావా" అన్నాడు చివరికి. "కాలు లోపటికి పోయింది, మెత్తగ. అందరు నేనే లేటు తొక్కిన అంటే, గట్లనేనేమో అనుకున్న. అయిదు నెలలసంది రోజు పండుకొని అదే మలుపు తిప్పుతున్న."

"రేపే పోయి క్లబ్బుల చెప్తా."

"చెప్పకు."

"ఎందుకురా?"

"అక్కకు తెలుస్తది. నీకు రాసుడు నేర్పింది ఆమె. నువ్వు సంతకం పెడుతుంటే ఆమెనే పక్కన నిలబడ్డది. తమ్ముని కాలు నా చేతులతోనే తీసిన అనుకుంటది. నువ్వు మంచిగున్నా లేకున్నా నాకు లెక్క లేదు. అక్క ఉన్నన్ని రోజులు నోరు మూసుకో."

మూసుకున్నాను. అది నాకు శిక్ష అనుకున్నాను గానీ, శిక్ష అనుభవించింది అతనే. ఏ ఫంక్షన్ హాలులో కూర్చున్నా ఎవరో ఒకరు, "ఏం రేసర్ సాబ్, అన్ని బండ్లు ఒక్క చుట్లనే దాటాల్నా?" అనేవాళ్లు. "ఆశ భాయ్, ఆశ" అని నవ్వేవాడు. పక్కన నా భార్య తల వంచుకొని వడ్డించేది. ఇంటికొచ్చాక నాతో అనేది, మావోనికి చిన్నప్పటిసంది తొందర ఎక్కువ, గిట్ల చేసుకున్నడు అని. ఆ మాట అన్నప్పుడల్లా నేను అవునని తల ఊపాను. ఏడేళ్లు ఊపాను.

ఆమె పోయిన ఏడాది చనిపోయింది. నిన్న ఆ పత్రం చదివాక ఆటో ఎక్కి షెడ్డుకు పోయాను. బామ్మర్దికి చూపించాను. నా పేరున్న చోట బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇప్పుడు రాయి బావా" అన్నాడు. "రాసుడు వచ్చు గదా నీకు." దయతో అనలేదు.

సెక్రటరీకి ఫోన్ చేశాను. నా పేరు తీసెయ్యమన్నాను. రేసుల నడుమ గంటన్నరైనా పెట్టు, లేకుంటే ఒక్క రేసే పెట్టు అన్నాను. ఆ ఆదివారం గురించి మొత్తం చెప్పి, బామ్మర్ది మీద రాసింది కొట్టేయమన్నాను. అతను మొత్తం విన్నాడు. తర్వాత మర్యాదగానే అన్నాడు. "పెద్దాయనా, ఎనిమిదేళ్ల కిందటి ముచ్చట. ఆ కాగితాలు కూడా లేవు. ఉత్త మీ మాట మీద ఎట్లా మారుస్తం? ఆ టైంల ఎవరెవరు ఉన్నరో ఇప్పుడు ఎవరు చెప్పాలె?"

నేను చెప్తాను. ఇంతసేపూ ఎవరి పేరూ రాయలేదు, బతికున్నవాళ్లకూ పోయినవాళ్లకూ మర్యాద అని. సాక్ష్యానికి పేర్లు కావాలి. ఆ బల్ల దగ్గర, నేను కుర్చీలోంచి లేవకుండా రాస్తున్నప్పుడు, ఉన్నవాళ్లు వీళ్లు. ఉస్తాద్ యూసుఫ్ మియా, రేసు మొదలుపెట్టే సీటీ పట్టుకొని షామియానా గుంజ దగ్గర. ఇప్పుడు లేడు. జెండాల ప్రకాశం. ఉన్నాడు, కళ్లు పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి. కావలి కాసే రాములు. లేడు. అంబులెన్సు నడిపిన బషీర్. ఎక్కడున్నాడో తెలియదు, ఎవరైనా చూస్తే చెప్పండి. సెక్రటరీ నరేందర్, ఫోన్‌లో నన్ను ఈ ప్రశ్న అడిగినవాడు. తానూ అక్కడే ఉన్నాడు. పది అడుగుల దూరంలో, బండిలో, మల్లేష్. నా వెనక నిలబడి యాదమ్మ, నా భార్య. కుర్చీలో నేను, సత్తయ్య.

ఎనిమిది మందిమి. ముగ్గుర్ని కాలం తీసుకుపోయింది. మిగిలినవాళ్లను ఏ వరసలో తీసుకుపోతుందో అది ఎవరికీ ముందు పత్రం పంపదు.